‘అక్కడ కొనేవి’ వరుసలో కత్తిపీట

నేను ఒక కత్తిపీటను. కోపంగా ఉన్నాను. ఈ సంగతి ముందే చెప్పడం మంచిది. పాత వస్తువు తన కథ చెప్పుకుంటే కళ్ళు తుడుచుకుంటూ, గొంతు తగ్గించి చెప్పుకోవాలని మనుషులకు ఒక ఆశ ఉంటుంది. నా దగ్గర అది దొరకదు. మీకు గొంతు ఉన్నచోట నాకు అంచు ఉంది.

నా ఇనుము లారీది. బెల్లం బస్తాలు మోసి మోసి విరిగిన కమానుపట్టీని అనకాపల్లి కమ్మరి ఒకతను కొలిమిలో ఎర్రగా కాల్చి, సాగగొట్టి, కొంగమెడలా వంచి, కొసన కొబ్బరికోరు పళ్ళు తీర్చాడు. కింద పీట చింతచేవ. మేకు దిగని చెక్క. చెయ్యించుకున్న మనిషి గున్నమ్మ, పెళ్ళిళ్ళకు వంటలు చేసేది. ఆమె కాలి కింద ఇరవై ఏళ్ళు పనిచేశాను. కందలు, గుమ్మడికాయలు, బుట్టలకొద్దీ వంకాయలు. తిన్నవాళ్ళు ఉప్పు సరిపోయిందా లేదా అని మాట్లాడుకునేవారు. ముక్క సమంగా ఉందని ఒక్కరూ అనలేదు. సమంగా ఉన్నదాన్ని ఎవరూ చూడరు. ఇది అప్పుడే నేర్చుకున్నాను గానీ, ఇంత ఖరీదైన పాఠమని అప్పుడు తెలియలేదు.

గున్నమ్మ మేనకోడలు నూకరత్నం. ఆమె భర్త సోమునాయుడు విశాఖపట్నంలో ఓడరేవు క్రేన్ల మరమ్మతు చూసే ఇంజనీరు. ఏడేళ్ళ క్రితం ఒక వానపూట ఇద్దరూ స్కూటరు మీద వస్తున్నారు. ముందు వెళ్తున్న వ్యానును దాటబోయి సోమునాయుడు స్కూటరును పడేశాడు. అతని మోచెయ్యి గీసుకుపోయింది. వెనక కూర్చున్న నూకరత్నం కుడిచెయ్యి రోడ్డుకీ స్కూటరుకీ మధ్య నలిగింది. నరాలు తెగి, కుట్లు పడి, చివరకు చూపుడువేలు, నడిమివేలు వంగకుండా నిలిచిపోయాయి. కలం పట్టుకుంటే జారుతుంది. కత్తి పట్టుకుంటే తిరిగిపోతుంది.

చూడటానికి వచ్చిన గున్నమ్మ వంటింటి గుమ్మంలో నిలబడింది. లోపల నూకరత్నం చాకును రెండు చేతులతో పట్టుకుని, జారుతున్న దొండకాయతో కుస్తీ పడుతోంది. గున్నమ్మ వెనక్కి తిరిగి, అనకాపల్లి బస్సెక్కి, సాయంత్రానికి నన్ను గోనెసంచిలో చుట్టి తెచ్చింది.

“ఇదిగో గుంటా, కూకో. కాలు పీట మీద ఎయ్యి. సేతిని కత్తికాడికి తీసుకెల్లకు. కాయనే కత్తికాడికి తీసుకెల్లు.”

“నీకో అత్తా?” అంది నూకరత్నం.

“నాకు మోకాళ్ళు పోనాయి. నీకు సేతేళ్ళు పోనాయి. ఇద్దరికీ కలిపి ఇదొక్కటి సాల్లే.”

చాకు కదలాలంటే పట్టు కావాలి. నేను కదలను, అదే నా గొప్ప. కాలి బరువుకు పీట నిలబడుతుంది, ఎడమచెయ్యి కాయను పట్టుకుంటుంది, కుడి అరచెయ్యి వెనక నుంచి నెడితే చాలు. వేళ్ళు వంగనక్కరలేదు. మొదటిరోజు ముక్కలు ఎలకలు కొరికినట్టు వచ్చాయి. నెల తిరిగేసరికి బెండకాయ చక్రాలు అచ్చుపోసినట్టు పడుతున్నాయి. ఏడేళ్ళలో ఆమె మడమ ఆనేచోట చింతచేవ కూడా అరిగి, చిన్న గుంట పడింది.

ఇక్కడే జరిగింది పొరపాటు. కంచంలో ముక్కలు సమంగా కనిపించాయి కాబట్టి, భార్య చెయ్యి బాగైపోయిందని సోమునాయుడు అనుకున్నాడు. ఎవరూ చెప్పలేదు, అతను అడగలేదు. ఆమె కుడిచెయ్యి అతని కళ్ళముందే రోజుకు మూడుసార్లు కంచం పెట్టింది, తీసింది. మనిషి తను కలిగించిన దెబ్బ మానిపోయిందని నమ్మడానికి ఎంత తక్కువ సాక్ష్యం చాలునో చూశారా? నాలుగు బెండకాయ ముక్కలు చాలు.

తరవాత ఆస్ట్రేలియా వచ్చింది. పెర్త్‌లో అతని చెల్లెలు ఉమాగౌరి ఉంటుంది. అక్కడి ఓడరేవులో సోమునాయుడికి ఉద్యోగం ఖాయమైంది. ఇక వచ్చేది లేదు, అక్కడే స్థిరపడటం అన్నారు. సామాన్లకు కంటెయినరులో సగం చోటు. ఏది తీసుకెళ్ళాలి, ఏది అక్కడ కొనుక్కోవాలి అన్న లెక్క మొదలైంది. అతను పొడుగు పుస్తకంలో మూడు వరుసలు గీశాడు: తీసుకెళ్ళేవి, ఇచ్చేసేవి, అక్కడ కొనేవి.

నేను గోడకు ఆనించి ఉండి ఆ పుస్తకాన్ని పక్షం రోజులు చూశాను. సోఫా, తీసుకెళ్ళేవి. టీవీ బల్ల, తీసుకెళ్ళేవి. ఓడరేవు జట్టు తరఫున ఆడిన క్రికెట్ బ్యాటు, తీసుకెళ్ళేవి. దాని పక్కన, అక్కడి తనిఖీని తలుచుకుని, ‘శుభ్రమైన చెక్క, ఇబ్బంది లేదు’ అని కూడా రాసుకున్నాడు. రోలు, గ్రైండరు, ఇడ్లీ పాత్ర, పెనం, నేను, అక్కడ కొనేవి. అతను కూర్చున్నవీ చూసినవీ ఆడినవీ ఓడెక్కుతాయి. ఆమె చేతులు తాకినవన్నీ అక్కడ దొరుకుతాయి. ఈ న్యాయం ఎవరు నేర్పారో నాకు తెలియదు. అతను చెడ్డవాడు కాదు, అదే నా కోపం. చెడ్డవాడైతే ఆమె ఎప్పుడో దెబ్బలాడి ఉండేది.

ఉమాగౌరి వీడియోలో కనిపించి ఇల్లంతా చూపించమంది. నా దగ్గరకు రాగానే కెవ్వుమంది.

“అన్నయ్యా, అదేటి? కత్తిపీటా? పాత చెక్క చూస్తే ఇక్కడ తనిఖీలో పెట్టె మొత్తం ఆపేస్తారు! వదినా, ఇంకా నేలమీదే కూచుని తరుగుతున్నావా? ఇక్కడ తరిగిన కూరలే అమ్ముతారు, సంచి చింపి మూకుట్లో ఒంపుకోడమే.”

“దొండకాయలు కూడానా?” అని అడిగింది నూకరత్నం.

“దొండకాయల కోసం వస్తున్నావేటి ఇక్కడికి?” అని ఉమాగౌరి నవ్వింది. సోమునాయుడూ నవ్వాడు.

మర్నాడే అతను కత్తుల సెట్టు, తరిగే పలక కొనితెచ్చాడు. ఇప్పటినుంచే అలవాటు చేసుకోమన్నాడు. రెండోరోజు కంద మీద కత్తి తిరిగిపోయి ఆమె ఎడమ బొటనవేలు కోసుకుంది. అతను పరుగెత్తుకొచ్చి పట్టీ వేశాడు. ప్రేమగానే వేశాడు.

“కంగారెందుకే? నాలుగు రోజుల్లో అలవాటవుద్ది.”

పట్టీ వేస్తున్నంతసేపూ ఆమె కుడిచెయ్యి అతని మోకాలి మీదే ఉంది. వంగని రెండు వేళ్ళూ అతని కళ్ళకు జానెడు దూరంలో ఉన్నాయి.

ఆ వారం పాత ఇనుము కొనే ఎర్రయ్య తక్కెడ వేసుకొచ్చాడు. విరిగిన ఫ్యాను, తుప్పు మంచం, బాల్చీ. నన్నూ వాటిమీద పడేశాడు సోమునాయుడు.

“అది ఉంచండి” అంది నూకరత్నం.

“ఏటే రత్నం, కత్తులు కొన్నాం కదా.”

“నా చెయ్యి…”

అప్పుడే సామాన్లు పంపే కంపెనీ నుంచి ఫోను వచ్చింది. అతను ఒక్క నిమిషం అన్నట్టు ఆమెకు అరచెయ్యి చూపించి వరండాలోకి నడిచాడు. సోఫా కాళ్ళు ఊడదియ్యాలా అక్కర్లేదా అన్నది చాలాసేపు నడిచింది. ఎర్రయ్య తూకం వేశాడు. ఆమె ఒక మాట అరచి ఉంటే సరిపోయేది. అరవలేదు. అందుకు ఆమె మీద కూడా నాకు కోపం ఉంది, దాచను. ఏడేళ్ళు ముక్కలు సమంగా తరగడానికి బదులు ఒక్కరోజు వంకరగా తరిగి చూపించాల్సింది.

ఎర్రయ్య కొట్లో ఇనుము వేరు, చెక్క వేరు. సుత్తితో మూడు దెబ్బలు వేసి నన్ను పీట నుంచి ఊడగొట్టారు. చింతచేవను గొడ్డలితో చీల్చి టీ పొయ్యిలో పెట్టారు. ఆమె మడమ గుంట ఉన్న ముక్క చివరన కాలింది. గట్టి చెక్క కదా, ఆలస్యంగా అంటుకుంది. నేను రేకుడబ్బాల మధ్య పడి చూస్తూ ఉన్నాను.

ఆ తరవాతి ఆదివారం మధ్యాహ్నం సోమునాయుడు చెమటలు కక్కుకుంటూ కొట్టుకు వచ్చాడు. వెంట అతని స్నేహితుడు పోలారావు. ఆ ఇంట్లో అంతకు గంట ముందు జరిగింది నేను చూడలేదు. పోలారావు ఎర్రయ్యకు చెప్తుంటే విన్నాను.

వెళ్ళిపోయే ముందు సోమునాయుడు తోటి ఉద్యోగులను భోజనానికి పిలిచాడు. ఏడుగురు వచ్చి ఆకుల ముందు కూర్చున్నారు. నూకరత్నం వడ్డించింది. మొదట వంకాయ.

“గుత్తొంకాయనుకున్నానురా ఎర్రయ్యా, బాగుందమ్మా అన్నాను కూడా! తొడిమి కూడా తియ్యలేదు. తరవాత ఆనపకాయ వచ్చింది. పులుసులో మొత్తం కాయ, పడవలాగ! కంద వచ్చింది, బండరాయంత. ఉల్లిపాయలు తొక్కతోనే. పొట్లకాయని పాములాగ చుట్టి పళ్ళెంలో పెట్టీసింది. ఏటి నాయుడూ, ఆస్ట్రేలియా వంటేటి ఇది, అన్నాను నేను.”

ఎర్రయ్య పగలబడి నవ్వుతున్నాడు. సోమునాయుడు ఇనుప కుప్పలో చేతులు పెట్టి వెతుకుతున్నాడు.

“ఆవిడేటందో తెలుసా? ‘కూరలన్నీ ఉన్నాయన్నయ్యగారూ, తరగడం ఒక్కటే లేదు. తరగడం అక్కడ కొనుక్కుందామన్నారు మీ స్నేహితుడు’ అంది. అని, ఈడి ముందు కుడిచెయ్యి సాపింది. ‘ఈ రెండు వేళ్ళూ కూడా ఆ వరసలోనే రాయండి’ అంది. మేం ఏడుగురం ఆకుల్లోకి సూసుకుంటూ కూకున్నాం. ఈడు ఆ సెయ్యి సూసి… ఏటి సెప్పీది, తెల్లగా అయిపోనాడు. సేతులు కడుక్కోకుండా లేచొచ్చీసాడు.”

సోమునాయుడికి నేను దొరికాను. పట్టుకోవడం తెలియక అరచెయ్యి తెగింది. తెగనిచ్చాను.

“పీటేదిరా?” అన్నాడు.

“సెక్కా? పొయ్యిలోకెల్లిపోనాది బాబూ” అన్నాడు ఎర్రయ్య.

ఇంటికి చేరేసరికి అతిథులు వెళ్ళిపోయారు. నూకరత్నం అట్టపెట్టెల మధ్య నేల మీద కూర్చుని ఉంది. అతను నన్ను ఆమె ముందు పెట్టాడు. ఆమె నన్ను అటూ ఇటూ తిప్పి చూసింది.

“పీట ఏదండీ?”

“పొయ్యిలో పెట్టేశారట” అన్నాడు అతను తల వంచుకుని. ఆమె అరవలేదు. లేచి, నన్ను రెండు అరచేతుల మధ్యా పట్టుకుని, ‘ఆటసామాను’ అని రాసి ఉన్న పెట్టె దగ్గరకు వెళ్ళి, నా కొసతోనే దాని టేపు కోసింది. లోపలి నుంచి బ్యాటు తీసింది. రెండు మూరల పొడవు, బెత్తెడు వెడల్పు, మంచి దళసరి.

“దీన్ని కోయించండి.”

“రత్నం! అది… ఫైనల్లో ఆడిన బ్యాటే!”

“శుభ్రమైన చెక్క, ఇబ్బంది లేదు అని మీరే రాసుకున్నారు కదండీ?”

అతను బ్యాటు వైపు చూశాడు, ఆమె చేతి వైపు చూశాడు. ఈసారి చాలాసేపు చూశాడు. తెగిన తన అరచేతికి రుమాలు చుట్టుకుని, బ్యాటు చంకలో పెట్టుకుని, పక్కవీధి వడ్రంగి దగ్గరకు తనే నడిచాడు. నూకరత్నం వెంట వచ్చింది, పీట ఎంత ఎత్తుండాలో చెప్పడానికి. ముసలి వడ్రంగి ఏం జరిగిందని అడగలేదు. పిడి కోసేసి, వీపు మీద గూను చిత్రిక పట్టి చదును చేసి, తొలిచి నన్ను దిగేశాడు. చివరకు ఒకే మాట అన్నాడు.

“ఔటైపోనారు బాబూ.”

ఓడలో నలభై రోజులు చీకట్లో ఉన్నాను. పెర్త్‌లో తనిఖీవాళ్ళు పెట్టె విప్పారు. ఒకాయన నన్ను తిరగేసి, చెక్క మీద సగం చెరిగిన బ్యాటు కంపెనీ బొమ్మ గుర్తుపట్టి, కాసేపు నోరు తెరిచి, మూసి, పక్కన పెట్టేశాడు. సోఫా గుమ్మంలో పట్టలేదు. ఇప్పటికీ కారు షెడ్డులో నిలువుగా నిలబడి ఉంది.

నేను వంటింట్లో ఉన్నాను. ఈ చెక్క మెత్తన. చింతచేవ కాదు, ఎప్పటికీ కాదు. ఆమె మడమకు ఇంకా గుంట పడలేదు. పడటానికి ఎన్నేళ్ళు పడుతుందో నాకు తెలుసు, ఆ ఏళ్ళు ఎవరు తగలబెట్టారో కూడా తెలుసు. ఆదివారాలు సోమునాయుడు నేల మీద కూర్చుని ఉల్లిపాయలు తరుగుతాడు. ముక్కలు ఎలకలు కొరికినట్టు వస్తాయి. ఆమె వాటినే కూరలో వేస్తుంది.

నిన్న ఉమాగౌరి తన స్నేహితులను వెంటబెట్టుకుని వచ్చింది. వాళ్ళు నా చుట్టూ చేరి ముచ్చటపడ్డారు. ఇక్కడెక్కడా దొరకదు, ఎలా తెచ్చారు అని అడిగారు.

“ఇలాంటివి కొనుక్కుంటే దొరుకుతాయేటి?” అన్నాడు సోమునాయుడు. “అందరూ వద్దన్నారు. నేనే పట్టుబట్టి తెచ్చాను.”

నూకరత్నం చేతిలో దొండకాయ ఒక్క క్షణం ఆగింది. ఆమె తలెత్తలేదు. అరచెయ్యి నెట్టింది. ఆ ముక్క మాత్రం కొంచెం వంకరగా పడింది. ఆమె దాన్ని ఏరి, అతని కంచంలోకి విడిగా తీసి పెట్టింది.