మందులక్క మాట

"పొద్దున ఒకటే వేసుకోవాలి. రాత్రి వద్దు," అని మందులక్క మూడోసారి చెప్పింది, బీపీ మాత్రల స్ట్రిప్పును కత్తెరతో సగానికి కత్తిరిస్తూ.

"డాక్టరుగారు రెండన్నట్టు గుర్తు."

"ఒకటే రాశారండీ. ఇదిగో, మీ చీటీలోనే ఉంది."

"మీరు సరిగ్గా చదివారో లేదో," అని గొణుక్కుంటూ ఆ పెద్దాయన మెట్లు దిగిపోయాడు. ఇరవయ్యారేళ్లుగా ఈ వీధివాళ్ల చీటీలు చదివేది ఆమే. అయినా అనుమానం ఆమె కళ్ల మీదే.

ఆమె ఫార్మసీ చదివిన సర్టిఫికెట్ అద్దాల చట్రంలో, దగ్గుమందు సీసాల పైన వేలాడుతూ ఉంటుంది. చట్టం ప్రకారం ఆమె లేనిదే షాపు తెరవకూడదు. ఆమె ఉంటే మాత్రం నోరు తెరవకూడదు. పొద్దుటి నుంచి నిలబడి నిలబడి పిక్కల మీద నరాలు వానపాముల్లా ఉబ్బాయి. ఆ కాళ్లతోనే లైసెన్సు ఆఫీసుకు నాలుగు అర్జీలు మోసుకెళ్లింది. షాపులో ఓ మూల బల్ల వేసి బీపీ, షుగరు చూడనివ్వండి. ముగ్గురు డాక్టర్ల దగ్గర మందులు వాడే వాళ్లను కూర్చోబెట్టి, ఏది దేనితో పడదో చెప్పనివ్వండి. మేం ఫోన్ చేస్తే డాక్టర్లు ఎత్తేలా చూడండి. అంతే ఆమె అడిగింది. "మీ సూచన పరిశీలనలో ఉన్నది" అని ఒక్క జవాబు వచ్చింది. ఆరేళ్లుగా పరిశీలిస్తూనే ఉన్నారు. అంతసేపు తేరిపార చూస్తే గోడకైనా సిగ్గేస్తుంది.

పదిన్నరకు తాళాల తాత వచ్చాడు, కూతురి భుజం పట్టుకుని. వీధిలో సగం ఇళ్ల తాళాలు ఆయన చేతిలో పుట్టినవే. ఎప్పుడూ మెట్లెక్కుతూనే జోకు వేసే మనిషి, ఇవాళ బల్లకు ఆనుకుని ఊపిరి తీసుకున్నాడు.

"మోకాలి మాత్రలు ఇంకో వారానికి ఇవ్వమ్మాయ్."

"మోకాలి మాత్రలేంటి? నా దగ్గరెప్పుడు కొన్నారు?"

"ఎముకల డాక్టరు రాశాడు. పోయిన వారం అక్కడే ఆసుపత్రి పక్కన కొన్నాం," అంది కూతురు.

కూతురు ఇచ్చిన చీటీని మందులక్క రెండుసార్లు చదివింది. గుండె డాక్టరు రాసిన, రక్తాన్ని పలచబరిచే మాత్ర తాతకు నెలనెలా ఇచ్చేది తనే. దాని మీద ఈ నొప్పి మాత్ర పడితే కడుపులో రక్తం కారుతుంది.

"తాతా, విరేచనం నల్లగా అవుతోందా?"

"ఛీ, పొద్దున్నే అవేం ప్రశ్నలమ్మాయ్!"

"చెప్పండి."

"అవుతోంది. మూడు రోజులైంది. అయితే ఏంటి?"

ఆమె బల్ల మీదుగా వంగి ఆయన కింది రెప్ప లాగి చూసింది. ఎర్రగా ఉండాల్సిన చోట సున్నం కొట్టినట్టుంది.

ఎముకల డాక్టరుకు ఫోన్ చేసింది. ఎత్తిన మనిషి "డాక్టరుగారు బిజీ. చీటీలో ఏముంటే అదివ్వండి. అడగడానికి మీరెవరు?" అన్నాడు. గుండె డాక్టరు ఫోను మోగి మోగి ఆగిపోయింది. పెద్దాసుపత్రి నంబరు కలిపితే సంగీతం వినిపించింది. ఆ వాయిద్యాన్ని విరగ్గొట్టాలనిపించింది ఆమెకు.

"మనకెందుకు మేడమ్ ఈ తలనొప్పి? అమ్మడం వరకే కదా మన పని," అన్నాడు గల్లాపెట్టె దగ్గర కూర్చున్న షాపు యజమాని.

"మీరు కాసేపు ఊరుకుంటారా!" అని కసిరి, కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసింది: రెండు మందుల పేర్లు, నల్ల విరేచనం, లోపల రక్తం కారుతూ ఉండవచ్చు, దయచేసి వెంటనే చూడండి. కింద పేరు, సర్టిఫికెట్ నంబరు. రెండుసార్లు గీత గీసింది. తనే వెంట వెళ్లేదే. కానీ ఆమె గడప దాటితే షాపు మూసేయాలి, యజమాని అప్పటికే గుడ్లురిమి చూస్తున్నాడు.

"లైన్లో నిలబడకు. ఎమర్జెన్సీకే తీసుకెళ్లు. ఈ కాగితం చూపించు. వినకపోతే గట్టిగా అరిచెయ్," అని కూతురికి మరీ మరీ చెప్పింది.

తాత బండెక్కుతూ నవ్వాడు. "డాక్టరుకన్నా ఎక్కువ బెదిరిస్తున్నావే!"

పగలంతా జలుబు, గ్యాసు, జుట్టు రాలడం బేరాలే. పెద్దాసుపత్రికి అయిదుసార్లు ఫోన్ చేస్తే అయిదుసార్లూ సంగీతమే. అన్నం డబ్బా మూత తీసి, మళ్లీ పెట్టేసింది.

ఆరు దాటాక కూతురు ఒంటరిగా వచ్చింది. జుట్టు చెదిరిపోయి ఉంది.

"అమ్మకు షుగరు మాత్రలు అయిపోయాయక్కా," అంది. చీటీ కోసం సంచి వెతుకుతూ, "నాన్న పోయాడు," అంది.

మందులక్క అర దగ్గర నుంచి వెనక్కి తిరిగింది.

"కాగితం చూపించావా?"

"చూపించాను. మందుల షాపు వాళ్లు రాసింది ఇక్కడ చెల్లదన్నారు. అరిచాను కూడా. అరిస్తే బయటికి పంపిస్తామన్నారు. బెంచీ మీద కూర్చున్నాం. మూడింటికి దాహమన్నాడు. నీళ్లు తెచ్చేసరికి ఒరిగిపోయాడు." ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. "అప్పుడొచ్చాడు పెద్ద డాక్టరు. మందులు చూసి, ఇది ముందే ఎవరూ కనిపెట్టలేదా అని నన్నే కేకలేశాడు."

యజమాని తల దించుకున్నాడు. మందులక్క మాత్రలు కవర్లో వేసి, పొద్దున వేసుకోవాలని గుర్తుగా దాని మీద సూర్యుడి బొమ్మ గీసింది, వాళ్లమ్మకు చదువు రాదు కాబట్టి.

"ఏమైనా తిన్నాకే వేసుకోమను. రేపు తినకపోతే అసలు వేయద్దు. కళ్లు తిరిగితే చక్కెర నీళ్లు పట్టు, నాకు ఫోన్ చెయ్. ఏ వేళైనా సరే."

కూతురు తలూపి, కవరు సంచిలో కుక్కుకుని మెట్లు దిగింది. చీటీ కోసం సంచి తిరగేసినప్పుడు జారిపడిన ఆసుపత్రి టోకెను గాజు బల్ల మీదే ఉండిపోయింది. చెమటకు మెత్తబడిన పసుపు కాగితం, నీలం ముద్రలో అరవై మూడు, దాని కింద చిన్న అక్షరాల్లో: మీ నంబరు పిలిచేవరకు దయచేసి కూర్చోండి.