రెండు కప్పుల గిన్నె

గ్రీసులోని ఎగియో రేవుకు వచ్చిననాడు ప్రోద్రొమోస్ దగ్గర ఉన్నవి తల్లి ఇచ్చిన రాగి కాఫీ గిన్నె, రోటర్‌డామ్‌లో ఆరేళ్ళు మూటలు మోసి నేర్చుకున్న డచ్చి భాష, తొమ్మిదిన్నర వేళ్ళు. ముప్పైయొక్క ఏళ్ళ తరువాత, ఆగస్టులో ఒక మంగళవారం పొద్దున, గిన్నె గ్యాసు పొయ్యి మీద ఉంది. సగం తెగిన వేలు దాని పొడుగు పిడికి కిందనుంచి ఆనుకుని ఉంది. డచ్చి భాషకి మాత్రం ఆ రోజు పని లేదని ముందే చెప్పేశారు.

ఆ వేలు పోయింది ఒక్క మాట వల్ల. రోటర్‌డామ్‌లో చేరిన మూడో రోజు, గొలుసు పట్టుకోనా అని సైగ చేస్తే మేస్త్రీ పైనుంచి "నే!" అని అరిచాడు. గ్రీకులో నే అంటే అవును. డచ్చిలో నే అంటే కాదు. వినడానికి రెండూ ఒకటే. ప్రోద్రొమోస్ పట్టుకున్నాడు. ఆ తరువాత ఇంకెప్పుడూ ఆ మాట దగ్గర పొరపాటు పడలేదు.

నురగ అంచుదాకా ఎగదన్నింది. దించాడు. కొనుగోలుదారు వచ్చే రోజున ముందుగా ఒకసారి కాచి చూసుకోవడం అతని అలవాటు; నురగని చెంచాతో రెండు కప్పుల్లోకి సమంగా పంచాడు. లోపల కళాయి రెండుచోట్ల వదిలి రాగి ఎర్రగా కనిపిస్తోంది. పిడి మీద కొత్తగా ఒక తెల్ల చీటీ, దాని మీద 112. పాత యజమాని పోయాక, జూన్‌లో ఆస్తి జాబితా రాస్తూ ఈ ఎండుద్రాక్ష గిడ్డంగిలో ఉన్న వస్తువులన్నిటికీ చీటీలు అంటించారు. కాటాకి, కుర్చీలకి, పంకాకి, గోడ మీద సెయింట్ నికోలస్ పటానికి కూడా. గిన్నె తనదని చెప్పేలోగానే అంటించేశారు.

అందులో రెండు కప్పులే పడతాయి. ఒకటి యజమానికి, ఒకటి వచ్చిన కొనుగోలుదారుకి. మూడో మనిషి నిలబడే ఉంటాడు.

ఎవాంథియా నల్ల గౌనులో వచ్చి తండ్రి కుర్చీలో కూర్చుంది. తండ్రి త్రాసోస్ పోయి నాలుగు నెలలైంది. మాంచెస్టర్‌లో వ్యాపారం చదివి వచ్చిన పిల్ల. ఎండుద్రాక్ష ముట్టుకున్నాక చేతులు తుడుచుకుంటుంది.

"బాబాయ్, ఇవాళ నువ్వు కాఫీ పెట్టు, అంతే. హాలండాయనతో నేను ఇంగ్లీషులో మాట్లాడుకుంటాను. మధ్యలో నీ తర్జుమాలొద్దు."

"అలాగేనమ్మా."

"నాన్న రెండేసి గంటలు కాఫీలు పోయించి, చేపలు తినిపించి, ఆనక ధర ఎత్తేవాడు. అది వ్యాపారమా, పేరంటమా?"

"ఆ పేరంటాలతోనేగా నిన్ను మాంచెస్టర్ పంపింది."

ఆమె బల్ల మీది కాగితాలు తిరగేసింది. విన్నదని అతనికి తెలుసు.

అడగాల్సింది ఒకటి ఉంది. పింఛను పుస్తకం జేబులోంచి తీశాడు. పనిచేసిన ప్రతి రోజుకీ యజమాని డబ్బు కట్టి అందులో ముద్ర వేయించాలి. మొదటి పన్నెండేళ్ళు త్రాసోస్ ఒక్కటి కూడా వేయించలేదు. "మనం మనం ఇంటివాళ్ళం, మధ్యలో కాగితాలెందుకురా?" అనేవాడు. ఆ తరువాత ద్రాక్ష కాలంలో మాత్రమే వేయించాడు. ఇంకా ఎనభై ఎనిమిది ముద్రలు తక్కువ. అవి పడితే పింఛను వస్తుంది. పడకపోతే అరవై అయిదేళ్ళ మనిషి మళ్ళీ మూటలు మోసుకోవాలి.

"ఈ శీతాకాలం దాకా ఉంచావంటే సరిపోతుందమ్మా. ఎనభై ఎనిమిది రోజులు."

ఆమె నవ్వింది. మర్యాదగల నవ్వు.

"చూద్దాం, బాబాయ్."

ఇన్నేళ్ళూ అతను చేసిన పని ఆ మాటని డచ్చివాళ్ళకి విడమరిచి చెప్పడమే. చూద్దామని గ్రీకువాడన్నాడంటే ఆ పని అవదని. ఎదురుగా కూర్చోబెట్టుకున్న మనిషి మొహాన లేదనడం ఇక్కడ వాకిట్లోంచి తరమడం లాంటిది. డచ్చివాడికి అది ఎక్కదు. చూద్దామంటే వాడు నిజంగానే చూస్తారనుకుని కూర్చుంటాడు, వారం తరువాత మోసం అని ఉత్తరం రాస్తాడు. ఈ రెండు జాతుల మధ్య ప్రోద్రొమోస్ అమ్మింది ఎండుద్రాక్ష కాదు, ఒక "లేదు". ఆ సరుకు ఇప్పుడు అతని చేతికే వచ్చింది. పుస్తకం మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

పది గంటల రైలుకి హాలండు కొనుగోలుదారు వీబ్రెన్ దిగాడు. పొడుగు మనిషి, ఎండకి మెడ కందిపోయింది. ఇరవై ఏళ్ళుగా కొంటున్న మామ తప్పుకోవడంతో మొదటిసారి వచ్చాడు. వేరే రోజుల్లోనైతే ప్రోద్రొమోస్ స్టేషనుకు వెళ్ళి దారిలోనే నాలుగు ముక్కలు చెవిన వేసేవాడు. ఇవాళ ఎవరూ పంపలేదు, అతనూ వెళ్ళలేదు. వీబ్రెన్ కోటు జేబులోంచి పల్చటి పుస్తకం ఒకటి తొంగిచూస్తోంది. గ్రీకులతో వ్యాపారం ఎలా చేయాలో అందులో ఉందట. కాఫీ కాదనవద్దు, కుటుంబం గురించి అడగండి అని ఉండి ఉంటుంది, ఎందుకంటే వచ్చీరాగానే, మళ్ళీ కాచిన కాఫీ అందుకుని అడిగాడు:

"మీ నాన్నగారు కులాసాగా ఉన్నారా?"

ఆమె ఒంటి మీది నల్ల గౌను ఆ పుస్తకంలో లేదు కాబోలు. ఎవాంథియా కప్పు పళ్ళెంలో పెట్టిన చప్పుడు గోడదాకా వినిపించింది. ప్రోద్రొమోస్ పొయ్యి తుడుస్తూ నిలబడ్డాడు. తర్జుమాలొద్దన్నారు కదా.

ధర తొందరగానే తెమిలింది. చిక్కు తేదీ దగ్గర వచ్చింది. సెప్టెంబరు పదికి నలభై టన్నులు రేవులో ఉండాలి, ఆలస్యమైతే జరిమానా, అని కాగితంలో ఉంది. శనివారం వాన పడింది. కళ్ళాల మీద పండు తడిసి, రైతులు మళ్ళీ ఆరబోసుకుంటున్నారు. ఇరవైకి ముందు గుప్పెడు కూడా రాదని ఊళ్ళో అందరికీ తెలుసు.

"పదో తేదీకి ఇస్తారా?" అన్నాడు వీబ్రెన్.

ఎవాంథియా నవ్వింది. "చూద్దాం," అంది, ఇంగ్లీషులో.

"చూడటానికేముంది? ఇస్తారా, ఇవ్వరా?"

"ముందు కాఫీ తాగండి. మధ్యాహ్నం సముద్రం ఒడ్డున భోంచేద్దాం. మంచి చేపలు దొరుకుతాయి."

మాంచెస్టర్ ఎక్కడికో పోయింది. కుర్చీలోంచి మాట్లాడుతున్నది త్రాసోసే. ప్రోద్రొమోస్‌కి నవ్వొచ్చింది, మింగాడు.

వీబ్రెన్ గడియారం చూసుకున్నాడు. కలం మూసి జేబులో పెట్టుకున్నాడు. అవతలి వీధిలో ఇంకో గిడ్డంగి ఉంది, అక్కడా ఈ నల్ల ఎండుద్రాక్షే. లేవబోతూ అతను పొయ్యి వైపు తిరిగి డచ్చిలో అన్నాడు:

"తేలకపోతే గిన్నె పట్టుకున్న పెద్దాయన్ని అడగమన్నాడు మా మామ. మీరేనా? పదో తేదీకి వస్తుందా?"

ప్రోద్రొమోస్ లెక్క వేశాడు. ఎక్కువసేపు పట్టలేదు. ఈ మనిషి గుమ్మం దాటితే నలభై టన్నులు దాటిపోతాయి. సరుకు లేని గిడ్డంగిలో శీతాకాలం పని ఉండదు. పని లేకపోతే ఎనభై ఎనిమిది ముద్రలు ఉండవు. నోరు విప్పితే నష్టం ఏమిటో మాత్రం ఆ లెక్కలో వేయలేదు.

"నే," అన్నాడు. "వాన పడింది. ఇరవై అయిదుకైతే వస్తుంది."

ఎవాంథియాకి డచ్చిలో అర్థమైంది ఆ మొదటి మాట ఒక్కటే. మొహం పాలిపోయింది.

"నే అన్నావా? పదో తేదీకి అవునన్నావా? జరిమానా ఎవరు కడతారు, నువ్వా?"

"కాదన్నానమ్మా. వాళ్ళ భాషలో..."

"నా చెవులతో విన్నాను!"

ఆ గొడవేమిటో వీబ్రెన్‌కి తెలియలేదు. అతని మొహం విచ్చుకుంది. "ఈ ముక్క ముందే చెప్పొచ్చు కదండీ! ఇరవై అయిదు నాకు ఇబ్బందేం లేదు." కాగితం మీద పది కొట్టేసి ఇరవై అయిదు రాసి, పక్కన పొడి సంతకం పెట్టి ఆమె ముందుకు తోశాడు. ఆమె చదివింది. మళ్ళీ చదివింది. సంతకం పెట్టింది. వీబ్రెన్ కప్పులో సగం వదిలేసి లేచి ఆమెతో చేయి కలిపాడు, ప్రోద్రొమోస్‌తోనూ కలిపాడు, పన్నెండున్నర రైలుకి పరుగెత్తాడు. చేపల సంగతి ఎవరూ ఎత్తలేదు.

బేరం కుదిరింది. పొగుడుతుందని కాదు గాని, ముద్రలు పడతాయనుకున్నాడు ప్రోద్రొమోస్. ఆమె కాగితం మడిచి సొరుగులో పెట్టి, తాళం తిప్పాక మాట్లాడింది.

"మీరు రేపటినుంచి రానక్కర్లేదు."

ఆమె ఊయలలో ఉన్నప్పటినుంచి ఎరుగును. ఆ నోటినుంచి తనకి మీరు అన్న మాట రావడం ఇదే మొదలు.

"బేరం నిలబడింది కదమ్మా."

"భోజనం దగ్గర నేనే చెప్పేదాన్ని. వాన సంగతి చెప్పి, నెలాఖరు దాకా అడిగి, ధర కూడా కాస్త ఎత్తేదాన్ని. నా బల్ల దగ్గర, నా అతిథికి, నా బదులు లేదని చెప్పారు మీరు. వాడి ముందు నన్ను అబద్ధాలకోరుని చేశారు."

"వాడు భోజనం దాకా ఉండేవాడు కాదు."

"ఉంటే ఉండేవాడు, పోతే పోయేవాడు. గిడ్డంగి నాది!"

అదీ లెక్కలో వేయనిది. ముప్పైయొక్క ఏళ్ళు ఈ జాతి పౌరుషాన్ని పరాయివాళ్ళకి తూచి చూపించినవాడు, తన వంతుకొచ్చేసరికి కాటాలో వేయడం మరిచాడు.

కోటు వేసుకున్నాడు. మూల కుర్చీ మీది తన చిన్న దిండు చంకలో పెట్టుకున్నాడు. అది చీటీ లేనిది. తరువాత పొయ్యి దగ్గరకు వచ్చాడు.

"గిన్నె నాది. మా అమ్మది."

ఆమె పిడి మీద చీటీ చూసింది. జాబితా చూసింది.

"జాబితాలో ఉంది. చూద్..."

"చూడొద్దు. లేదని చెప్పండి."

ఆమె నోరు తెరిచింది. అతను నిలబడ్డాడు. ఆ ఒక్క మాట ఆ నోటినుంచి వింటే గిన్నె పోయినా లోటు లేదనుకున్నాడు. ఆమె గడ్డం కాస్త పైకి లేచింది, కనుబొమ్మలు లేచాయి; గ్రీకులు లేదనడానికి చేసే సైగే అది, మాట మాత్రం రాలేదు. ఫోను తీసి ఏదో నంబరు తిప్పడం మొదలుపెట్టింది.

అప్పుడు ప్రోద్రొమోస్ అతిథి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. వీబ్రెన్ వదిలేసిన సగం కప్పు ముందుకు జరుపుకున్నాడు. చల్లారిపోయి, పైన నురగ కూడా లేదు. తొందరపడకుండా, మడ్డి తగిలేదాకా తాగాడు. ఆమె ఫోను చెవి దగ్గర పెట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చుంది. ఆ బల్ల దగ్గర అతను కూర్చుని తాగిన కాఫీ అదొక్కటే. కప్పు పళ్ళెంలో బోర్లించి, లేచి వెళ్ళిపోయాడు.

తెచ్చినవాటిలో తొమ్మిదిన్నర వేళ్ళు తిరిగి వెళ్ళాయి, ఈ ఊళ్ళో ఇక ఎవరికీ అక్కర్లేని డచ్చి భాష వెళ్ళింది. ముద్రలు ఎనభై ఎనిమిది తక్కువ. మిగులు అరకప్పు కాఫీ. పొయ్యి మీద రాగి గిన్నె అలాగే ఉంది, అడుగున మడ్డి ఎండుతూ, వేడికి ఒక మూల ఊడి పైకి లేచిన 112 చీటీతో.