తలుపు పక్క వేడి

ఇంటికి కొత్తగా కలుపుతున్న గది మల్‌జా కంట్లో నలుసైంది. మల్‌జా మొగుడు పోయినప్పటి నుంచీ అత్తగారు ఆమె గదిలోనే, కింది పైపుల వేడికి నేల బాగా కాగే చోట పడుకునేది. ఇప్పుడు మరిది ఓడ ఉద్యోగానికి వెళ్తూ భార్య యున్‌సిల్‌ను ఇక్కడ దింపాడో లేదో, కొత్త గదిలో ఆ పిల్లకు తోడు పడుకుంటానంటోంది ముసలావిడ. యున్‌సిల్ సోయా పులుసు కాస్తే లొట్టలు వేస్తుంది. మల్‌జా కాస్తే తిని లేస్తుంది, అంతే. మల్‌జాకు ఒళ్లు మండిపోయేది.

సిమెంటు పోసేముందు నేల మీద వేడినీటి పైపులు పరుస్తున్న మేస్త్రీ తక్ దగ్గరికి వెళ్లింది మల్‌జా. బాయిలర్‌లో కాగిన నీళ్లు ముందు ఎటు వెళ్తే అటు నేల వేడెక్కుతుంది. చుట్లన్నీ తిరిగి చివరికొచ్చేసరికి చల్లారతాయి. పెద్దవాళ్లు పడుకునేది తలుపుకు దూరంగా, లోపలి గోడ పక్కన. తక్ పైపును ముందుగా అటే తీసుకెళ్తున్నాడు.

"అటు కాదు, తలుపు దగ్గర మొదలుపెట్టు."

"తలుపు దగ్గరా? మీ అత్తని గుమ్మంలో పడుకోబెడతావా ఏంటి?"

"లోపలి గోడకి బీరువా వస్తుందయ్యా. వేడికి పగుళ్లిస్తే కొత్తది నువ్వు కొనిస్తావా?"

"నాదేం పోయింది. సిమెంటు పడ్డాక మాత్రం నన్ను పిలవకు."

సిమెంటు పడింది. ఒక్క చలి రాత్రి చాలు, ముసలావిడ పరుపు చుట్టుకుని తన గదికే వస్తుందని మల్‌జా మనసులో మురిసిపోయింది.

మొదటి మంచు కురిసిన నాడు బాయిలర్ కాస్త తగ్గించింది కూడా. తన గదిలో పాత చోట అత్తగారి కోసం పరుపు పరిచి పెట్టింది. ఎవరూ రాలేదు.

తెల్లారాక ఉండబట్టలేక కొత్త గది తలుపు తీసింది. లోపలి గోడ పక్క పరుపు ఖాళీగా ఉంది. తలుపు పక్కన, యున్‌సిల్ దుప్పట్లో దూరి, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని పడుకుంది అత్తగారు.

"అత్తయ్యా, మీ చోటు చల్లగా ఉన్నట్టుంది. నా గదిలో వెచ్చగా పరిచాను, రండి."

ముసలావిడ తల కూడా ఎత్తలేదు.

"నీ గదిలో ఇన్నేళ్లూ నీ దుప్పటి నీదే, నా దుప్పటి నాదే. ఈ పిల్ల నేను వణుకుతుంటే చూసి, తన పక్కకి రమ్మని చోటిచ్చింది. తలుపేసి వెళ్లవే, చలి వస్తోంది."