తిరగేసిన గొంతు

తమ్ముడి పాట కింద అమ్మ గొంతును తిరగేసి పెట్టింది నేనే. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే లోకం ఆ పనిని దయ్యాలకు అంటగట్టింది.

నేను పాటలు మిక్సింగ్ చేస్తాను. గోడలకు స్పాంజి పలకలు అంటించిన ఇరుకు గది నా స్టూడియో. తమ్ముడు ర్యాప్ పాడతాడు. ర్యాప్‌లో మాటలు దట్టంగా ఉంటాయి, కింద ఇంకొకరి మాట వినిపిస్తే రెండూ కొట్టుకుంటాయి. అందుకే కింది గొంతును తిరగేస్తాం. మాట పోతుంది, మనిషి మిగులుతుంది. "తినేసి వెళ్ళరా, ఎన్నిసార్లు చెప్పాలి!" అని అమ్మ విసుక్కుంటే ఫోన్లో రికార్డయిన ముక్కను అలాగే తిరగేసి డ్రమ్ము కింద పరిచాను. స్టూడియోకొచ్చి విని, "నా తిట్లు కూడా వదలరా మీరు?" అని అమ్మ పడీ పడీ నవ్వింది. పాట విడుదలకు పది రోజుల ముందు గుండెపోటుతో పోయింది.

పాట హిట్టయి ఎక్కడికో వెళ్ళిపోయింది. మూడో వారంలో, వీడియోలో ముఖం చూపించని ఒకడు దాన్ని వెనక నుంచి ముందుకు వినిపించాడు. "చచ్చిపోయిన తల్లి గొంతు! పేరు కోసం రహస్య సంఘానికి తల్లిని బలిచ్చాడు! తేదీలు చూడండి!" జనం చూశారు. పాట కవరు మీది త్రిభుజాన్నీ చూసి, అదే ఆ సంఘం గుర్తన్నారు. అమ్మ దర్జీ పని చేసేది. అది బట్ట మీద గీతలు గీసే ఆమె సుద్దబిళ్ళ, అంతే.

తమ్ముడి మేనేజరు పండగ చేసుకున్నాడు. "అవుననొద్దు, కాదనొద్దు. తిప్పి తిప్పి వింటున్నారు, విననీ," అన్నాడు. తమ్ముడు తలూపాడు. పైగా స్టేజీ మీద ఒక కన్ను మూసి, వేళ్ళతో త్రిభుజం పట్టాడు. వెధవ! చెంప పగలగొట్టాలనిపించింది.

"నాన్న చెవిన పడితే తట్టుకోలేడురా," అన్నాను. నా భయమల్లా అదొక్కటే.

"నాన్నకి ఫోన్లో పాట పెట్టుకోడమే రాదక్కా," అన్నాడు.

తర్వాత జనం తిరగబడ్డారు. షోలు రద్దయ్యాయి. మా గేటు మీద 'తల్లిని తిన్నవాడు' అని ఎర్ర రంగుతో రాశారు. నాన్న లేవకముందే కిరోసిన్ పోసి తుడిచాను. అప్పుడొచ్చింది తమ్ముడికి తెలివి, నిజం చెప్పేయమన్నాడు. ఏ ముక్క ఏ రోజు పెట్టానో ఫైలు తెరిచి తేదీలతో సహా చూపిస్తూ, అమ్మ బతికుండగానే చేశానని చెప్తూ వీడియో పెట్టాను. కింద మొదటి కామెంటు: "కూతురు కూడా కలిసిందన్నమాట." నాలుగు వేల మందికి అది నచ్చింది.

మర్నాడు ఉదయం నాన్న ఫోను పట్టుకుని అమ్మ కుట్టుమిషను ముందు కూర్చుని ఉన్నాడు. పక్కింటాయన అన్నీ చూపించాడట.

"ఇలా రండమ్మా ఇద్దరూ," అన్నాడు. "కోప్పడనులే. మీ అమ్మ ముందురోజు దాకా బాగానే ఉంది కదా?"

తమ్ముడు గుమ్మంలోనే ఆగిపోయాడు.

"గుండెపోటు నాన్నా. డాక్టరు చెప్పాడు కదా. నువ్వూ అక్కడే ఉన్నావు," అన్నాను.

"ఉన్నాను," అన్నాడు. మా చేతుల వంక చాలాసేపు చూశాడు. "ఆ రోజు పొద్దున ఆమెకి కాఫీ ఇచ్చిందెవరు?"

"నేనే నాన్నా," అన్నాడు తమ్ముడు.

ఆ రోజు నుంచి నాన్న తన కాఫీ తనే కలుపుకుంటున్నాడు.