మొదటి సంతకం

“నేరం ఒప్పుకుని శిక్ష తగ్గించుకున్నాక అప్పీలు ఉండదమ్మా,” అని కోర్టు గుమాస్తా, పెద్దక్క ఇచ్చిన అర్జీని కిటికీలోంచి వెనక్కి తోసేశాడు.

“మేం బాయిలరు పగలగొట్టలేదయ్యా! అదే పేలింది. మా లాండ్రీలో గంజి పెట్టే బాబాయి అందులోనే పోయాడు.”

“ఆ మాట సంతకం పెట్టకముందు చెప్పాల్సింది.”

వెనకున్న లాండ్రీ పనివాళ్లు ఆరుగురూ పెద్దక్క మొహంకేసే చూస్తున్నారు.

లాండ్రీలో ఇరవై ఏళ్లుగా ఇస్త్రీ చేసిన మనిషి ఆమె. అక్కడొక అలవాటుంది. బాయిలరు బాగుందని రాసిన కాగితం రోజూ పొద్దున్నే వస్తుంది. పెద్దదని ముందు ఆమె సంతకం పెడుతుంది, కింద అందరూ చదవకుండా గీకేస్తారు. చదువుతూ కూచుంటే యజమాని ఊరుకుంటాడా! జైల్లోనూ అదే జరిగింది. బాబాయి చావుకి జవాబు చెప్పమని గేటు దగ్గర కూచున్న పన్నెండు మందినీ పట్టుకెళ్లి, బాయిలరు పగలగొట్టింది వీళ్లేనని కేసు పెట్టారు. కంపెనీ పంపిన లాయరు ఒప్పుకోలు కాగితంతో నవ్వుతూ వచ్చి, “సంతకం పెట్టండి, సాయంత్రానికి ఇంట్లో ఉంటారు,” అన్నాడు. పెద్దక్క పెట్టింది. ఆమె కింద ఆరుగురు పెట్టారు.

ఇంటికైతే వచ్చారు. మర్నాడే గేటుకి నోటీసు: శిక్ష పడ్డవాళ్లకి పని లేదు. యజమాని చేతికి మట్టి అంటకుండా బయటపడ్డాడు. తన చేత్తో తనే గడియ పెట్టుకున్నానని పెద్దక్క కుమిలిపోయింది.

వరండా చివర సంకెళ్ల చప్పుడైంది. మరో జైల్లో ఉన్న మిగతా ఐదుగుర్నీ తెస్తున్నారు. పక్కనే ఆ లాయరు.

“పెద్దక్కే పెట్టింది, మనమూ పెట్టేద్దాం,” అంటున్నాడు వాళ్లలో ఉతుకుడు మిషను నడిపే కుర్రాడు, అందరూ తమ్ముడనేవాడు.

పెద్దక్క జనాన్ని తోసుకుంటూ వెళ్లింది. “పెట్టొద్దురా! నేను తప్పు చేశాను. బాయిలరు మనమే పగలగొట్టి బాబాయి చావుకి కారణమయ్యామని ఉంది అందులో. పెట్టాక ఏ కోర్టూ మన మాట వినదు!”

“మరి బయటికెప్పుడొస్తాం అక్కా?”

“తెలీదురా. ఏళ్లు పట్టొచ్చు. మీ ఇళ్లు మేం చూసుకుంటాం.”

పోలీసాయన ఆమె చెయ్యి విరిచి పట్టుకున్నాడు. ఐదుగుర్నీ కోర్టు హాల్లోకి నెట్టారు. తలుపు తెరిచే ఉంది.

“నేరం ఒప్పుకుంటారా?” అని జడ్జి అడిగాడు.

తమ్ముడు లాయరు చేతిలోని కాగితాన్ని చూశాడు, తలుపు అవతలున్న పెద్దక్కని చూశాడు.

“ఒప్పుకోం,” అన్నాడు తమ్ముడు. మిగతా నలుగురూ అందుకున్నారు.

కోర్టులో గొడవ చేసిందని పెద్దక్కని బల్ల దగ్గరికి లాక్కొచ్చి, పోలీసాయన ఏదో రాసిన కాగితం, పెన్ను ముందుకు తోశాడు. “సంతకం పెట్టు.”

ఆరుగురూ వచ్చి ఆమె చుట్టూ నిలబడ్డారు. పెద్దక్క పెన్ను పక్కన పెట్టింది.

“ముందు చదవండి. గట్టిగా. మా అందరికీ వినపడాలి.”