గుట్టెక్కిన బల్లలు

పెద్ద వయసులో పలక పట్టినదాన్ని. నా ఒత్తులు తప్పుతాయి, చెయ్యి మెల్లగా సాగుతుంది. చదివేవాళ్లు కొంచెం ఓర్చుకోవాలి.

కైలాసం బడి బల్లను నెత్తిన పెట్టుకొని గుట్ట ఎక్కుతున్నాడు. మెడ నరాలు ఉబ్బాయి, ఛాతీలో పిల్లికూతలు.

జైనూరు దగ్గరి ఆ బడిలో ఫోనుకు సిగ్నల్ అందదు. గుట్ట మీది రోడ్డు పక్కన, ముకర్రం కిరాణా కొట్టు ముందు అందుతుంది. బడి సామానంతటికీ క్యూఆర్ కోడ్ స్టిక్కర్లు అంటించి, ఫోనుతో స్కాన్ చేసి సాయంత్రంలోగా పంపాలని ఉత్తర్వు వచ్చింది. సిగ్నల్ కిందికి దిగదు కనుక బడే పైకెక్కాలని హెడ్మాస్టర్ ఓంప్రకాశ్ తేల్చాడు. తేల్చి, గొడుగు కింద కుర్చీ వేసుకొని బిస్కెట్లు నములుతున్నాడు.

"స్టిక్కర్లు మాత్రమే పైకి తెచ్చి స్కాన్ చేద్దాం సార్," అంది నవ్యశ్రీ టీచర్.

"గట్ల చేస్తె దొంగ లెక్కమ్మా! వస్తువు కండ్ల ముందు ఉండాలె."

పిల్లల మధ్యాహ్న భోజనం గుడ్లు సంచుల్లో ఆయన ఇంటికి నడిచినప్పుడు ఆ కండ్లు ఎటు చూశాయో!

"ఏం కైలాసం భాయ్, బడి అమ్మకానికి పెట్టిండ్రా?" అన్నాడు ముకర్రం. "గా పెద్ద బల్ల నాకు ఇప్పియ్యి, బెల్లం డబ్బాలు పెట్టుకుంట."

కైలాసం కూడా నవ్వాడు. తనను చూసి ఎవరు నవ్వినా తానూ నవ్వే మనిషి. మరమగ్గాల షెడ్డులో పనిచేసినప్పుడు, గాలికి దారం తెగుతుందని సేటు అంటే కిటికీలు తానే మూసేవాడు. అక్కడ లేచిన దూదంతా రొమ్ములో దిగింది. తలూపడం తప్ప బతుకులో మరో విద్య నేర్వలేదు. బడి అటెండర్‌గా కుదిరింది కూడా ఆ విద్యతోనే.

ఆ మధ్యాహ్నం బస్సుకు అతను ఆదిలాబాద్ దవాఖానకు పోవాలి. ఆలస్యమైతే మనిషి దక్కడని డాక్టర్ చెప్పాడు. భార్య అనసూర్య సంచి పట్టుకొని కొట్టు దగ్గరే నిలబడింది.

"పోతనని చెప్పరాదయ్యా! నోరు లేదా నీకు?"

"సారు పరేషాన్ల ఉన్నడు. జర ఆగే."

"ఏం పరేషాన్? బిస్కెట్ పాకిట్ ఒడిసిందనా?"

బస్సు వచ్చి ఆగింది. కైలాసం చేతులు కట్టుకొని హెడ్మాస్టర్ ముందు నిలబడ్డాడు. "సార్, బస్సొచ్చింది..."

"గా సైన్స్ పెట్టె ఒక్కటి తెచ్చి పో."

తలూపి గుట్ట దిగాడు. అతను సగం దిగకముందే బస్సు కదిలిపోయింది.

ఇనుప పెట్టెను పైకి తెచ్చి, లోపలి గాజు సామాను పగలకుండా మెల్లగా దించాడు. బల్ల దగ్గర కూలబడి నీళ్లు అడిగాడు. అనసూర్య చెంబుతో వచ్చేసరికి వెనక వరుస పిల్లాడిలా బల్ల మీద తల వాల్చి ఉన్నాడు. పిలిచింది. భుజం కదిపింది. ఊపిరి లేదు.

ఓంప్రకాశ్ ఫోను పట్టుకొని వచ్చాడు.

"జర తల పక్కకు అనమనమ్మా, స్టిక్కర్ కనబడ్తలేదు."

సాయంత్రం పై అధికారి నుంచి ఫోను వచ్చింది. బల్లలన్నీ బడిలో కాక రోడ్డు మీద ఉన్నట్టు మ్యాపులో చూపిస్తోందట, లెక్క చెల్లదట, మళ్లీ చేయాలట.

మరునాడు కూలీలు సామానంతా కిందికి మోశారు. గుట్ట మీద ఒక తువ్వాల మిగిలింది. బల్ల ఒరుసుకోకుండా కైలాసం నెత్తిన పెట్టుకున్న చుట్ట అది. కింద తల లేకపోయినా, తల మీద ఉన్నట్టే గుండ్రంగా ఉంది.

— కనకవ్వ, అరవై నాలుగేండ్లు. ఇప్పుడు ఉండేది నస్పూర్‌లో.