ముచ్చిక, మచ్చ, మచ్చిక

"పోస్టరోళ్లు ఆదివారం వస్తారంటండీ" అని, నాకొచ్చిన ఫోన్ తనే ఎత్తి మాట్లాడి, ఫోన్ నాకిచ్చి వెళ్లిన మా కోత మేస్త్రీ సాంబయ్య, ఆదివారం పొద్దున్నే బకెట్ నిండా మైదా జిగురు ఉడకబెట్టి తెచ్చాడు. తోట గోడ మీద పాత సినిమా పోస్టర్లు గీకించి, కొత్తవాటికి చోటు కూడా సిద్ధం చేశాడు. నేనూ కాదనలేదు. మామిడి సీజన్‌లో రెడ్డిగూడెం రోడ్డు మీద గోడ ఖాళీగా ఉంటే ఎవడో ఒకడు ఏదో ఒకటి అంటిస్తాడు.

కారు ఆగింది. అందులోంచి జీన్స్ వేసుకున్న అమ్మాయి దిగింది, ఆ వెనకే ఒక గోధుమరంగు కుక్క. కుక్క వెనక కాలు కొంచెం ఈడుస్తోంది.

"పోస్టర్లేవమ్మా?" అన్నాడు సాంబయ్య, బ్రష్ పట్టుకుని.

"పోస్టర్ కాదండీ, ఫోస్టర్. రోడ్ల మీద దెబ్బలు తిన్న కుక్కల్ని తెచ్చి, వైద్యం చేయించి, ఎవరైనా దత్తత తీసుకునేదాకా మా ఇళ్లల్లో పెట్టుకుంటాం. ఇది నాలుగు నెలలుగా మా ఇంట్లోనే ఉంది."

"అంటే మీది పుట్టిల్లు, మాది అత్తారిల్లు అన్నమాట" అన్నాను నేను.

"పదిహేను రోజులు చూశాక చెప్తాను, అత్తారిల్లో కాదో" అందా అమ్మాయి. పేరు హరిచందన. విజయవాడలో బ్యాంకు ఉద్యోగం, సెలవు రోజుల్లో ఈ సేవ.

ఈ కుక్కను అడిగింది నేను కాదు, మా ఆవిడ బుజ్జమ్మ. పెళ్లయిన ఇరవై ఆరేళ్లలో ఆవిడ నన్ను ఏదీ కావాలని అడగలేదు. లేదా అడిగినవి నాకు వినబడలేదు. ఈ కుక్క ఫోటో మాత్రం ఫోన్‌లో చూపించి, "ఇది మనింటికి రావాలి" అంది. ఇది గట్టిగానే వినబడింది. వాళ్లు పంపిన ఫారం నేనే నింపాను. ఎనిమిదెకరాల ఫారం నడిపేవాడికి మూడు పేజీల ఫారం ఒక లెక్కా? కాపు వచ్చే వేళకు కాపలా కూడా దొరుకుతుంది కదా అని నా లోపలి ఆలోచన.

హరిచందన షరతులు చెప్పింది. గొలుసు కట్టకూడదు. రోజుకో ఫోటో పంపాలి. పదిహేను రోజుల్లో ఏ తేడా వచ్చినా తీసుకెళ్లిపోతుంది, మళ్లీ ఏ కుక్కనూ మాకు ఇవ్వరు.

"తేడా ఎందుకొస్తుందమ్మా, టోకు వ్యాపారం చేసిన చేతులివి, ఒక తోక వ్యాపారం చేయలేవా" అన్నాను. ఆ అమ్మాయి నవ్వలేదు. అలవాటు పడటానికి మా ఆవిడకే పదేళ్లు పట్టింది కాబట్టి నేను పట్టించుకోలేదు.

కుక్క పేరు కుకీ. కారులోంచి దిగిన దగ్గర్నుంచి నాలుగు రోజులు పళ్లెం ముట్టలేదు. బుజ్జమ్మ తన కంచం కూడా నేల మీదికి దించుకుని దాని పక్కనే కూర్చునేది, మాట్లాడేది కాదు. ఐదో రోజు ఆవిడ చేతిలో పప్పన్నం ముద్ద మెల్లగా నాకింది. ఆరో రోజు నుంచి ఆవిడ ఎటు వెళితే అటు, మూడున్నర కాళ్లతో వెనకే. ఆవిడ తోటలో పాడుకుంటోందని నాకు ఆ వారమే తెలిసింది.

పదకొండో రోజు. కోతలు జోరుగా ఉన్నాయి. పందిట్లో రసాలు గుట్టలుగా పోస్తున్నారు. రోజూ పంపినట్టే ఫోటో పంపాను. పది నిమిషాల్లో మెసేజ్ వచ్చింది. 'దాని తొడ మీద ఆ నల్ల మచ్చలు ఏంటి?'

చూశాను. ఆపరేషన్‌కు బొచ్చు గొరిగిన చోట, ఇంకా పల్చగా ఉన్న దగ్గర, మూడు మచ్చలు. నాకు కొత్తగా ఏమీ కనిపించలేదు. ధీమాగా రాశాను. 'కంగారు పడకండి. సీజన్‌లో మామూలే. మా కూలీలందరికీ ఉంటాయి. మా ఆవిడకు మరీ ఎక్కువ.'

రెండు గంటల్లో కారు గేటు ముందు ఆగింది. హరిచందన చేతిలో తాడు ఉంది.

"కుకీని తీసుకెళ్లిపోతున్నానండీ, బసవపున్నారావు గారూ."

"మచ్చిక అయ్యేసరికి మచ్చ అంటారేంటమ్మా" అన్నాను. ఈసారి నాకే నవ్వు రాలేదు. ఆ అమ్మాయి మొహం అలా ఉంది.

నన్ను దాటుకుని బుజ్జమ్మ దగ్గరికెళ్లి, గొంతు తగ్గించి అడిగింది. "ఆంటీ, భయపడకుండా చెప్పండి. మీ చేతి మీద ఇవన్నీ ఎవరు చేశారు?"

"ఎవరు చేయడమేంటమ్మా? ఈయన తోటేగా" అంది బుజ్జమ్మ.

హరిచందన నా వంక చూసిన చూపుకు చిగుళ్లు మాడిపోవాలి. ఆ మచ్చలు సిగరెట్‌తో కాల్చినవనుకుంటోందని అప్పుడు అర్థమైంది. నేను సిగరెట్ కాల్చను. కానీ ఆ క్షణంలో నా వేళ్ల మధ్య సిగరెట్ ఉందేమోనని నేనే ఒకసారి చూసుకున్నాను. రసాల తోటలో ఇంతకంటే రసాభాస నేను ఎరగను.

"అది కాదమ్మా…" అని నేను మొదలెట్టాను.

"మీరు మాట్లాడకండి సార్. పోలీసులకు చెప్పాలా వద్దా అని మావాళ్లు ఫోన్‌లోనే ఉన్నారు."

కుకీ మెడలో తాడు పడింది. అది కదల్లేదు. బుజ్జమ్మ వంగి దాని చెవులు సవరించింది.

"తీసుకెళ్లేదానివి తీసుకెళ్లు గానీ" అంది, "అన్నం చేత్తో పెట్టు. పళ్లెంలో పెడితే తినదు. ఎడమ పక్కకి పడుకోబెట్టకు, కాలు లాగుతుంది." ఆ తర్వాత అలవాటుగా అంది, "సాంబయ్యా, అమ్మాయికి నాలుగు కాయలు పెట్టు."

తోటకొచ్చినవాళ్లను ఉత్తచేతులతో పంపం. పోలీసులను పిలవబోతున్నవాళ్లయినా సరే. సాంబయ్య చెట్టు మీంచి అప్పుడే దింపిన పెద్ద రసాలు నాలుగు, ముచ్చికలతో సహా తెచ్చాడు. కాయ తొడిమనే మేం ముచ్చిక అంటాం.

"నాకేమీ వద్దండీ" అంటూ హరిచందన ఒక కాయను తొడిమ దగ్గర పట్టుకుని వెనక్కి నెట్టింది. ముచ్చిక టప్పున విరిగింది. సొన పిచికారీలా చిమ్మి మణికట్టు మీద, గడ్డం మీద పడింది.

"అమ్మా, మండుతోంది" అంది.

ఆ మాటకు పందిరి మొత్తం లేచింది. కూలీల్లో కృష్ణవేణి నీళ్ల బిందె తెచ్చింది. ఒకరు చెయ్యి పట్టుకుని కడిగారు, ఒకరు "గోకొద్దు, గోకొద్దు" అన్నారు. బుజ్జమ్మ కొబ్బరినూనె తెచ్చి, తన కూతురికి రాసినట్టు రాసింది.

"ఏంటిది ఆంటీ, యాసిడ్‌లా ఉంది?"

"సొనమ్మా. మామిడి పాలు. రేపటికి నల్లగా అవుతుంది. నెలలో పోద్దిలే" అంది కృష్ణవేణి, తన రెండు చేతులూ చాపి. మోచేతుల దాకా చుక్కలు. సాంబయ్య చెంప చూపించాడు. కోతవాళ్లందరూ ఒక్కొక్కరూ చొక్కా చేతులు పైకి లాగారు. పన్నెండు జతల చేతులు. నేనూ నా చొక్కా ఎత్తి పొట్ట మీది పాత మచ్చ చూపించబోతే బుజ్జమ్మ కళ్లతోనే ఆపింది.

హరిచందన తన మణికట్టు చూసుకుంది. తర్వాత కుకీ తొడ చూసింది. ఆ తర్వాత పందిట్లోకి నడిచింది. అక్కడ ముచ్చికలు తుంచిన కాయలు సొన కారడానికి వరిగడ్డి మీద బోర్లా పెట్టి ఉన్నాయి. ఒక మూల గడ్డి కుక్క ఆకారంలో నలిగి ఉంది, తడిగా, జిగటగా.

"ఇది ఇక్కడ పడుకుంటోందా?"

"నేను కాయలేరేది ఇక్కడే కదమ్మా" అంది బుజ్జమ్మ. "నన్ను వదలదు."

"మరి ఇంత ముక్క ఆయన మెసేజ్‌లో రాయొచ్చు కదా ఆంటీ?"

"మాకివి మచ్చలుగా కనబడవమ్మా" అన్నాను నేను. పన్ను కనబడకుండా, పన్ (అదే, శ్లేష) లేకుండా అన్నాను. "పుట్టినప్పట్నుంచీ చూస్తున్నాం. చెప్పాలని తోచలేదు."

ఆ అమ్మాయి ఫోన్ తీసి స్పీకర్‌లో పెట్టింది. అవతల ఏడెనిమిది గొంతులు ఒకేసారి అడుగుతున్నాయి. "అందరూ వినండి" అంది. "ఎవరూ కాల్చలేదు, ఎవరూ కొట్టలేదు. మామిడికాయ తొడిమ విరిస్తే సొన వస్తుంది, అది తగిలితే ఒళ్లు కాలి నల్లబడుతుంది. ఇక్కడ పనిచేసే అందరికీ ఉంది. కుకీ ఆ సొన కారే గడ్డి మీద పడుకుంది. నాకూ ఇప్పుడే పడింది, ఫోటో పంపుతున్నా. తప్పు నాది, అడక్కుండా అనుకున్నాను." ఆగి, నా వైపు తిరిగింది. "సార్ తప్పు కూడా ఉంది. దానికి వేరే చోట గోనెపట్టా వేయాలి, రేపు నూజివీడులో డాక్టర్‌కి చూపించాలి."

"ఈరోజే చూపిస్తాం" అంది బుజ్జమ్మ.

"సరే మరి, కుకీని ఎన్నింటికి తెస్తున్నావ్?" అని ఫోన్‌లోంచి ఎవరో అడిగారు.

హరిచందన వంగి తాడు విప్పింది.

"తేవట్లేదు. ఇంకో నాలుగు రోజులు కూడా అక్కర్లేదు. దత్తత కాగితాల మీద సంతకాలు పెట్టించుకుని వస్తున్నా."